బీగల్‌బోన్ బ్లాక్: సొంత కెర్నల్ కట్టుకునేవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

2013 ఏప్రిల్‌లో వచ్చిన, లినక్స్ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఇది. ఒకే కోర్ ఉన్న ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 10/100 ఈథర్‌నెట్. వేగం లెక్కలు చూసుకుని బోర్డు ఎంచుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఈ రివ్యూలో చూసేది వేరే గుణం. సొంతంగా లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపించే మూల ప్రోగ్రామ్) కాన్ఫిగర్ చేసి, అంటే అందులో ఏ భాగాలు ఉండాలో ఎంచుకుని, తప్పు పోయినప్పుడు ఎక్కడ పోయిందో కాగితాల మీద వెతికి పట్టుకోవడానికి ఈ బోర్డు ఎంతవరకు సహకరిస్తుంది అన్నది.

సూటిగా చెప్పాలంటే, ఈ విషయంలో దీనికి సాటి వచ్చే బోర్డులు తక్కువ. స్కీమాటిక్ (బోర్డు తీగల పటం) బయట దొరుకుతుంది. ప్రాసెసర్ టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్ ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకుండానే దింపుకోవచ్చు. బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే డివైస్ ట్రీ, మెయిన్‌లైన్ (అధికారిక) కెర్నల్‌లోనే ఉంది. ఈ మూడూ ఎందుకు ముఖ్యమో ఎస్‌డీ కార్డు దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

చిన్న సూచన: కెర్నల్ సింబల్స్‌కి (ఆప్షన్ల పేర్లకి) ముందుండే కాన్ఫిగ్ అన్న భాగాన్ని ఇక్కడ వదిలేశాను. ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్ తెరలో స్లాష్ కీ నొక్కి వెతికేటప్పుడు కూడా అది టైప్ చేయక్కర్లేదు.

హార్డ్‌వేర్‌ని కెర్నల్ కళ్లతో చూద్దాం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఏఎం335ఎక్స్ చిప్, లోపల 1 గిగాహెర్ట్జ్ కార్టెక్స్ ఏ8 కోర్. ఈ ఒక్క వాక్యం నుంచే నాలుగైదు కాన్ఫిగ్ నిర్ణయాలు తేలిపోతాయి. కోర్ ఒక్కటే కనుక ఎస్ఎంపీ (ఒకటికి మించిన కోర్లకి మద్దతు) తీసేయొచ్చు. ఉంచినా బోర్డు నడుస్తుంది, ఒకే కోర్ ఉందని బూట్ సమయంలో గమనించి కెర్నల్ తన కోడ్‌ని సర్దుకుంటుంది. ర్యామ్ 512 ఎంబీయే కాబట్టి హైమెమ్ (కెర్నల్ నేరుగా అందుకోలేని ర్యామ్‌కి మద్దతు) అక్కర్లేదు. ప్రోగ్రాములకి 3 జీబీ, కెర్నల్‌కి 1 జీబీ చిరునామాలు పంచే మామూలు 3జీ/1జీ విభజనలో, నేరుగా అందే లోమెమ్ సుమారు 760 ఎంబీ వరకు పడుతుంది, ర్యామ్ మొత్తం అందులోనే ఇమిడిపోతుంది. దశాంశ లెక్కల హార్డ్‌వేర్‌కి చెందిన వీఎఫ్‌పీ, నియాన్ ఆప్షన్లు రెండూ ఉండాల్సిందే. అవి లేకపోతే హార్డ్ ఫ్లోట్‌తో (ఆ హార్డ్‌వేర్‌ని వాడేలా) కట్టిన రూట్ ఫైల్‌సిస్టమ్‌లో (ప్రోగ్రాములన్నీ ఉండే ప్రధాన ఫైల్ అమరికలో) మొదటి ప్రోగ్రామే కూలిపోతుంది.

ఎల్‌పీఏఈ (4 జీబీకి మించిన మెమరీ చిరునామాల సదుపాయం) మాత్రం పొరపాటున కూడా ఆన్ చేయొద్దు. కార్టెక్స్ ఏ8లో ఆ సదుపాయమే లేదు. ఏ15 బోర్డు కోసం చేసుకున్న కాన్ఫిగ్‌ని తెచ్చి ఇక్కడ వాడితే జరిగేది ఇదే. కంపైల్ ఏ అడ్డూ లేకుండా అవుతుంది, కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్ యూబూట్ "స్టార్టింగ్ కెర్నల్" అంటుంది, ఆ తర్వాత బోర్డు నోరు మెదపదు. ఎల్‌పీఏఈ లేదని కెర్నల్ మొదట్లోనే పసిగట్టి ఆగిపోతుంది కానీ, ఆ సంగతి చెప్పే వాక్యం డీబగ్ ఎల్ఎల్ (తొలి దశ డీబగ్ ఆప్షన్) ఆన్‌లో ఉంటే తప్ప సీరియల్ (బోర్డు సందేశాలు బయటికి పంపే పోర్టు) మీదికి రాదు.

సీరియల్ సంగతి ముందే తేల్చుకోవాలి. బోర్డు మీద జే1 అనే ఆరు పిన్నుల హెడర్ ఉంది: 1 గ్రౌండ్, 4 బోర్డు వినేది, 5 బోర్డు మాట్లాడేది. 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ కావాలి. 5 వోల్టుల కేబుల్ పెడితే చిప్ పిన్ పోతుంది, ఈ చిప్ ఐఓ పిన్నులేవీ 5 వోల్టులు తట్టుకోవు. వేగం 115200, 8 బిట్లు, పారిటీ లేదు. కెర్నల్ పని కోసం ఈ బోర్డు తెప్పించుకుంటూ కేబుల్ వద్దనుకోవడం దీపం లేకుండా బావిలోకి దిగడమే. హెచ్‌డీఎంఐ తెర మీద ఏదైనా కనపడేసరికి కెర్నల్ సగం పని అయిపోయి ఉంటుంది. అసలు కష్టాలన్నీ అంతకు ముందే వస్తాయి.

కన్సోల్ (కెర్నల్ సందేశాలు వెళ్లే పోర్టు) పేరు దగ్గర పాత ట్యుటోరియల్స్ ముంచుతాయి. ఓమాప్ (ఇదే కంపెనీ చిప్ కుటుంబం) పేరుతో ఉన్న పాత సీరియల్ డ్రైవర్‌లో పోర్టు పేరు టీటీవైఓ0, అంటే ఓ అక్షరం, తర్వాత సున్నా. ఇప్పుడు వాడాల్సిన సీరియల్ 8250 ఓమాప్ డ్రైవర్‌లో అది టీటీవైఎస్0. యూబూట్ కెర్నల్‌కి ఇచ్చే బూట్ ఆర్గ్యుమెంట్‌లో పాత పేరే ఉండిపోతే కెర్నల్ నిశ్శబ్దంగా పూర్తిగా లేచి కూర్చుంటుంది, మనం మాత్రం చచ్చిపోయిందనుకుంటాం. పాత పేరుని కొత్త పేరుగా మార్చి అర్థం చేసుకునే ఫిక్సప్ ఆప్షన్ ఒకటి ఈ డ్రైవర్‌లోనే ఉంది. పాత యూబూట్ ఎన్విరాన్‌మెంట్‌ని (దాచి ఉన్న సెట్టింగుల్ని) ముట్టుకోలేని చోట అది ఉపయోగం. దీని పక్కనే ఇంకో చిన్న గుంట ఉంది. 8250 పోర్టుల సంఖ్యకి డిఫాల్ట్ 4, ఈ చిప్‌లో యూఆర్టులు (సీరియల్ పోర్టులు) 6. సున్నా నుంచి మొదలెట్టిన కాన్ఫిగ్‌లో ఆ సంఖ్య పెంచకపోతే చివరి రెండు పోర్టులు రావు, దోషం డివైస్ ట్రీ మీదికి పోతుంది.

ఏమీ రానప్పుడు బూట్ ఆర్గ్యుమెంట్లలో ఎర్లీకాన్ అన్న ఒక్క మాట చేర్చండి. విలువేమీ ఇవ్వక్కర్లేదు, డివైస్ ట్రీలో స్టాండర్డ్ ఔట్‌పుట్ ఎటు చూపిస్తుందో చూసి అదే పోర్టు పట్టుకుంటుంది. ఎర్లీకాన్‌తో కూడా ఒక్క అక్షరం రాకపోతే అనుమానితులు ముగ్గురే మిగులుతారు: డీటీబీ ఫైల్ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ) వేరే బోర్డుది, చిప్ కుటుంబం ఎస్ఓసీ ఏఎం33ఎక్స్ఎక్స్ ఆఫ్‌లో ఉంది, లేదా ఎల్‌పీఏఈ.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? కెర్నల్‌తోనే వచ్చే రెడీమేడ్ కాన్ఫిగ్‌లలో మల్టీ వీ7 డెఫ్‌కాన్ఫిగ్‌తో బూట్ అవుతుంది గానీ, డజన్ల కొద్దీ కంపెనీల చిప్‌ల డ్రైవర్లు అందులో ఉంటాయి. ఈ చిన్న బోర్డు కోసం అదంతా కట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. అతి చిన్నదైన టైనీకాన్ఫిగ్ నుంచి పైకి కట్టుకు రావడం నేర్చుకోవడానికి బాగుంటుంది, గడువున్న పనికి కాదు. సరైన మెట్టు ఓమాప్2ప్లస్ డెఫ్‌కాన్ఫిగ్. ఈథర్‌నెట్, ఎస్‌డీ కార్డు, పవర్ చిప్ అన్నీ అందులో సర్దుకునే ఉంటాయి. కోత అక్కడ మొదలుపెట్టాలి. మొదటి కోత ఓమాప్2, దానితో పాటు ఆర్మ్ వీ6 మద్దతు. వీ6 ఉన్నంతకాలం థంబ్2 కెర్నల్ అనే ఆప్షన్ మెనూలో కనపడనే కనపడదు. వీ6 తీసేశాక అది బయటపడుతుంది, ఆన్ చేస్తే కెర్నల్ ఇమేజ్ చిక్కుతుంది. ఆ తర్వాత ఓమాప్3, 4, 5, డీఆర్ఏ7, ఏఎం43ఎక్స్ఎక్స్ ఒక్కొక్కటే తీసేయొచ్చు. ఒక్కో కోత తర్వాత ఒకసారి బూట్ చేసి చూడండి. పది తీసేసి ఒకేసారి బూట్ చేస్తే తేడా ఎక్కడొచ్చిందో వెతకడానికే రోజు గడుస్తుంది.

కంపైల్ చేసేటప్పుడు ఆర్చ్ విలువ ఆర్మ్, క్రాస్ కంపైల్ విలువ టూల్‌చెయిన్ (ఆర్మ్‌కి కోడ్ తయారు చేసే కంపైలర్ సరంజామా) పేరు, చివర హైఫన్‌తో సహా. ఈ రెండూ మేక్ (కెర్నల్ కట్టే ఆదేశం) పిలిచిన ప్రతిసారీ ఉండాలి. కొత్త టెర్మినల్ తెరిచి, ఆర్చ్ ఇవ్వడం మరిచి మెనూకాన్ఫిగ్ నడిపితే కేకాన్ఫిగ్ (కెర్నల్ ఆప్షన్లని నడిపే వ్యవస్థ) దాన్ని మీ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి చేసే కాన్ఫిగ్ అనుకుంటుంది. సేవ్ చేసిన మరుక్షణం ఆర్మ్‌కి సంబంధించిన ఆప్షన్లన్నీ ఫైల్‌లోంచి ఎగిరిపోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అందుకే ఆ రెండు వేరియబుల్స్‌ని ఎక్స్‌పోర్ట్ చేసే చిన్న స్క్రిప్ట్ సోర్స్ ఫోల్డర్ పక్కనే పెట్టుకోవాలి.

కట్టాల్సినవి మూడు: జీఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైల్), డీటీబీలు, మాడ్యూల్స్ (కెర్నల్ లేచాక ఎక్కించే విడి భాగాలు). 6.5 వెర్షన్ నుంచి 32 బిట్ ఆర్మ్ డివైస్ ట్రీ ఫైళ్లు కంపెనీ పేర్లతో ఉన్న ఉప ఫోల్డర్లలోకి మారాయి. ఈ బోర్డు ఫైల్ ఇప్పుడు డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఫోల్డర్ కింద టీఐ, దాని కింద ఓమాప్‌లో ఉంటుంది. పాత దారి రాసి ఉన్న బిల్డ్ స్క్రిప్ట్, అదే ఫోల్డర్‌లో పాత బిల్డ్ మిగిలి ఉంటే, వెనకటి డీటీబీని తీసుకెళ్లి కొత్త కెర్నల్ పక్కన పెడుతుంది. కెర్నల్ లేస్తుంది, కొన్ని పరికరాలు మాత్రం లేవవు. ఇంత చిరాకు పెట్టే తప్పు మరొకటి లేదు. వెర్షన్ మార్చిన ప్రతిసారీ శుభ్రం చేసి కట్టండి.

బూట్ వరస ఈ బోర్డులో అందరినీ ఒక్కసారైనా తికమక పెడుతుంది. మామూలుగా కరెంటు ఇస్తే రోమ్ కోడ్ (చిప్‌లో శాశ్వతంగా ఉన్న మొదటి ప్రోగ్రామ్) మొదట బోర్డు మీదున్న ఈఎంఎంసీని (అతికించి ఉన్న నిల్వ చిప్‌ని) చూస్తుంది, తర్వాత ఎస్‌డీ కార్డుని. ఎస్2 బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే ఈఎంఎంసీని దాటేసి ఎస్‌డీ వైపు పోతుంది. బటన్ స్థితిని చదివేది కరెంటు వచ్చిన క్షణంలోనే. ఎస్2 పట్టుకుని రీసెట్ నొక్కితే ఏమీ మారదు, ప్లగ్ తీసి పెట్టాలి. దీని పర్యవసానం ఒకటుంది. కార్డులో మీ కొత్త యూబూట్ ఉన్నా, బటన్ నొక్కకపోతే ఈఎంఎంసీలోని పాత యూబూట్ లేచి, కార్డులో ఉన్న కెర్నల్‌ని తన పాత ఆర్గ్యుమెంట్లతో లోడ్ చేసే అవకాశం ఉంది. సీరియల్‌లో మొదటి రెండు వరసల్లో యూబూట్ బిల్డ్ తేదీ వస్తుంది. అది చూడకుండా ముందుకు పోవద్దు.

చేత్తో బూట్ చేసేటప్పుడు కెర్నల్‌కి హెక్స్ 82000000, డీటీబీకి 88000000, ఇనిట్ ర్యామ్‌డిస్క్‌కి (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్ అమరికకి) 88080000 చిరునామాలు సురక్షితం. ర్యామ్ 80000000 దగ్గర మొదలవుతుంది. విప్పుకున్న కెర్నల్ ఆ మొదలు దగ్గరే కూర్చుంటుంది కాబట్టి డీటీబీని అటు దగ్గర్లో పెడితే దాని మీదే రాసేస్తుంది.

ఇప్పుడు ఎస్‌డీ కార్డు. కెర్నల్ కాన్ఫిగర్ చేయడంలో ఉన్న అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త నింపాదిగా చూద్దాం.

కార్డు పని చేయాలంటే ఎంఎంసీ (కార్డుల మద్దతు), బ్లాక్ డ్రైవర్, హోస్ట్ డ్రైవర్ (కార్డు కంట్రోలర్‌ని నడిపేది) చాలనిపిస్తుంది. హోస్ట్ డ్రైవర్ ఏది అన్నదే మొదటి ప్రశ్న. పాత కెర్నల్స్‌లో ఎంఎంసీ ఓమాప్ హెచ్ఎస్. కొత్త డివైస్ ట్రీలో ఈ చిప్ నోడ్‌కి రాసి ఉన్న పేరు ఎస్‌డీహెచ్‌సీఐ తరహాది, దానికి ఎంఎంసీ ఎస్‌డీహెచ్‌సీఐ ఓమాప్ కావాలి. అది మెనూలో కనపడాలంటే ముందు ఎస్‌డీహెచ్‌సీఐ, ఎస్‌డీహెచ్‌సీఐ ప్లాట్‌ఫామ్ రెండూ ఆన్ కావాలి. ఇంతవరకు కేకాన్ఫిగ్ చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఇక్కడ వదిలేస్తుంది.

బోర్డు స్కీమాటిక్, డీటీఎస్ ఫైల్ పక్కపక్కన పెట్టి చూడండి. కార్డు స్లాట్‌కి కరెంటు 3.3 వోల్టుల లైన్ నుంచి వస్తుంది. డివైస్ ట్రీలో దాన్ని ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌గా (వోల్టేజ్ మారని సరఫరాగా) రాశారు. కాబట్టి రెగ్యులేటర్ ఫిక్స్‌డ్ వోల్టేజ్ ఆన్‌లో ఉండాలి. కార్డు పెట్టారా లేదా అన్నది ఒక జీపీఐఓ (సాధారణ వాడుక) పిన్ చెబుతుంది, అంటే జీపీఐఓ ఓమాప్ ఉండాలి. పిన్నులని ఆ పనికి మళ్లించాలంటే పిన్‌కంట్రోల్ సింగిల్ ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఎస్‌డీహెచ్‌సీఐ ఓమాప్ డిపెండెన్సీల్లో లేదు, ఉండదు కూడా. కేకాన్ఫిగ్ రాసుకునేది కోడ్ కంపైల్ కావడానికి ఏది కావాలో మాత్రమే. ఒక బోర్డు మీద ఏ తీగ ఎక్కడికి పోతుందో దానికి తెలియదు, ఆ సంగతి డివైస్ ట్రీకే తెలుసు. మెనూకాన్ఫిగ్‌లో ఎర్రగా ఏమీ లేదు కాబట్టి కాన్ఫిగ్ సరిగ్గా ఉందనుకోవడం అందుకే పొరపాటు.

ఫిక్స్‌డ్ రెగ్యులేటర్ తీసేస్తే కనపడేది ఇది: కెర్నల్ హాయిగా లేచి, "వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్" దగ్గర శాశ్వతంగా ఆగిపోతుంది. ఎంఎంసీ డ్రైవర్ తనకి కరెంటిచ్చే రెగ్యులేటర్ వస్తుందేమోనని వాయిదా వేసుకుని కూర్చుంటుంది, వచ్చేవాళ్లెవరూ లేరు. ఎంఎంసీ గురించి ఎర్రర్ కనపడదు కనుక కార్డు చెడిపోయిందని కార్డులు మారుస్తూ ఉంటారు. ఇలాంటప్పుడు బిజీబాక్స్ (ముఖ్యమైన ఆదేశాల చిన్న మూట) ఉన్న చిన్న ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌తో (ర్యామ్‌లోనే ఉండే తాత్కాలిక రూట్‌తో) బూట్ చేసి, డీబగ్ ఎఫ్ఎస్ (కెర్నల్ లోపలి సమాచారం చూపే ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేసి, అందులో డివైసెస్ డిఫర్డ్ అన్న ఫైల్ చదవండి. ఎవరు ఎవరి కోసం ఎదురు చూస్తున్నారో అందులో ఉంటుంది. ఈ ఒక్క ఫైల్ తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పనిలో రోజుల తేడా వస్తుంది.

రూట్ దొరక్క కెర్నల్ ఆగిపోయినప్పుడు వచ్చే పానిక్ సందేశంలో బ్రాకెట్లో రెండు అంకెలుంటాయి, వాటిని చదవడం అలవాటు చేసుకోండి. (0,0) అయితే డివైసే కనపడలేదు: హోస్ట్ డ్రైవర్, రెగ్యులేటర్, లేదా రూట్ పేరు తప్పు. (179,2) అయితే కార్డు దొరికింది, రెండో పార్టిషన్ కూడా దొరికింది, దాని మీదున్న ఫైల్‌సిస్టమ్ కెర్నల్‌కి రాదు. ఎంఎంసీ బ్లాక్ డివైస్‌ల మేజర్ నంబర్ 179. ఈ రెండో సందర్భంలో సాధారణ కారణం ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా పెట్టడం. ఆ మాడ్యూల్ ఉన్నది ఆ పార్టిషన్ లోపలే, తాళం చెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు. రూట్ చేరేవరకు కావాల్సినవన్నీ కెర్నల్‌లోనే ఉండాలి, ఆ తర్వాతివి మాడ్యూల్స్‌గా పోవచ్చు. రూట్‌ని డివైస్ పేరుతో కాక పార్ట్‌యూయూఐడీతో (పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తుతో) చెప్పడం మేలు. ఈఎంఎంసీ, కార్డు రెండూ ఉన్న బోర్డులో ఎవరు 0, ఎవరు 1 అన్నది కెర్నల్ వెర్షన్‌తో పాటు మారిన చరిత్ర ఉంది.

డెవ్‌టీఎంపీఎఫ్ఎస్, దాన్ని తనంతట తనే మౌంట్ చేసే ఆప్షన్ రెండూ పెట్టండి. లేకపోతే కన్సోల్ లాంటి డివైస్ ఫైళ్లు రూట్‌లో తమంతట తామే రావు. సిస్టమ్‌డీ (సర్వీసుల్ని మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) వాడేవాళ్లకి సీగ్రూప్స్, ఐనోటిఫై, సిగ్నల్ఎఫ్‌డీ, టైమర్ఎఫ్‌డీ, ఈపోల్, ఎఫ్‌హ్యాండిల్ కూడా తప్పనిసరి. టైనీకాన్ఫిగ్ నుంచి వచ్చినవాళ్లు తరచూ మరిచేవి ఇవే.

ఈథర్‌నెట్ కథ దాదాపు ఇదే కాబట్టి క్లుప్తంగా. మెయిన్‌లైన్ డివైస్ ట్రీ, ఈథర్‌నెట్ కంట్రోలర్ సీపీఎస్‌డబ్ల్యూకి ఉన్న పాత నోడ్ నుంచి స్విచ్‌డెవ్ తరహా నోడ్‌కి మారింది. డ్రైవర్ కూడా వేరు: టీఐ సీపీఎస్‌డబ్ల్యూ స్విచ్‌డెవ్. నెట్ స్విచ్‌డెవ్ ఆన్ చేయనిదే అది మెనూలో కనపడదు. పాత కాన్ఫిగ్ ఫైల్‌ని కొత్త కెర్నల్‌లోకి తెచ్చి ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (కొత్త ఆప్షన్లకి డిఫాల్ట్ విలువలిచ్చే ఆదేశం) నడిపితే పాత డ్రైవర్ ఆన్‌లోనే ఉంటుంది, దానికి సరిపడే నోడ్ మాత్రం ఉండదు. ఫలితంగా ఎర్రర్ లేకుండా, ఈథర్‌నెట్ కూడా లేకుండా బోర్డు లేస్తుంది. పీహెచ్‌వై చిప్ (కేబుల్ వైపు సంకేతాలు చూసుకునేది) ఎస్ఎంఎస్‌సీ ల్యాన్8710ఏ. దాని డ్రైవర్ మరిచినా జెనరిక్ పీహెచ్‌వై డ్రైవర్‌తో లింక్ వస్తుంది కాబట్టి ఇది ప్రాణం తీసే తప్పేమీ కాదు.

యూఎస్‌బీ ఈ బోర్డులో బలహీనమైన చోటు. ఒక హోస్ట్ పోర్టు, ఒక మినీ-బీ క్లయింట్ పోర్టు, రెండింటికీ అదే ఎంయూఎస్‌బీ కంట్రోలర్ రకం. కాన్ఫిగ్‌లో కావాల్సినవి ఎంయూఎస్‌బీ, దాని డీఎస్‌పీఎస్ భాగం, ఏఎం335ఎక్స్ పీహెచ్‌వై, డీఎంఏకి (ప్రాసెసర్ ప్రమేయం లేని డేటా బదిలీకి) సీపీపీఐ41. రెండు పోర్టులూ పని చేయాలంటే మోడ్ డ్యూయల్ రోల్ ఉండాలి. ఆ ఎంపిక కనపడటం లేదంటే కారణం సాధారణంగా ఇది: ఎంయూఎస్‌బీని కెర్నల్‌లోకి కలిపారు, యూఎస్‌బీ గ్యాడ్జెట్‌ని (క్లయింట్ వైపు కోడ్‌ని) మాడ్యూల్‌గా పెట్టారు. లోపలున్నది బయటున్న మాడ్యూల్‌ని పిలవలేదు కాబట్టి కేకాన్ఫిగ్ డ్యూయల్ రోల్‌ని దాచేస్తుంది. రెండూ లోపలే ఉంచండి, లేదా రెండూ మాడ్యూల్స్‌గా పెట్టండి.

కనపడని ఆప్షన్ ఏదైనా సరే, స్లాష్‌తో వెతికితే డిపెండ్స్ ఆన్ వరసలో ఏది తీరలేదో కనపడుతుంది. దాని కిందే సెలెక్టెడ్ బై కూడా ఉంటుంది. ఏదైనా ఆప్షన్ తీసేద్దామంటే కదలకుండా మొండికేస్తే ఆ వరస చూడండి: వేరే డ్రైవర్ ఏదో దాన్ని పట్టి ఉంచింది. తీగ లాగితే డొంకంతా కదలడం ఇక్కడ నిజంగానే జరుగుతుంది. పైగా సెలెక్ట్ అనేది అవతలి దాని డిపెండెన్సీలు తీరాయా లేదా అని చూడదు కూడా.

పవర్ చిప్ టీపీఎస్65217సీ, ఐ2సీ0 (చిప్‌లని కలిపే రెండు తీగల బస్) మీద ఉంది. ప్రాసెసర్ వోల్టేజ్ దీని చేతిలోనే. ఐ2సీ ఓమాప్, ఎంఎఫ్‌డీ టీపీఎస్65217, రెగ్యులేటర్ టీపీఎస్65217 ఈ మూడింట్లో ఏది తప్పినా బోర్డు బూట్ అవుతుంది కానీ, ప్రాసెసర్ వేగం మార్చే సీపీయూఫ్రీక్ ఫోల్డరే రాదు. యూబూట్ వదిలిన వేగం దగ్గరే ప్రాసెసర్ ఉండిపోతుంది. ఐ2సీ కోర్‌ని లోపల పెట్టి ఐ2సీ ఓమాప్‌ని మాడ్యూల్‌గా వదిలేయడం ఇక్కడ మామూలు తప్పు, పేర్లు దగ్గరగా ఉండటం వల్ల కంటికి ఆనదు. బూట్ లాగ్‌లో ఏఎం335ఎక్స్ పీఎం ఫర్మ్‌వేర్ దొరకలేదని మైనస్ 2 ఎర్రర్‌తో వచ్చే వరస గురించి కంగారు అక్కర్లేదు. నిద్రపుచ్చి లేపే పనికి, చిప్‌లో ఉన్న చిన్న ఎం3 కోర్‌కి కావాల్సిన ఫైల్ అది. సస్పెండ్ వాడనివాళ్లు ఆ డ్రైవర్లనే తీసేయొచ్చు. వాడేవాళ్లు ఫైల్‌ని ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్‌లో పెట్టాలి, లేదా ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ ఆప్షన్‌తో కెర్నల్‌లోనే కలపాలి.

గడియారానికి బ్యాటరీ లేదు. ఆర్‌టీసీ (గడియారం) డ్రైవర్ ఉన్నా ప్లగ్ తీస్తే సమయం పోతుంది. నెట్‌వర్క్ నుంచి సమయం తీసుకునేలోపు ఏ సర్వీస్ అయినా సర్టిఫికెట్లు సరిచూడబోతే విఫలమవుతుంది. బయట ఐ2సీ గడియారం తగిలించి, దాని డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే ఉంచితే, కెర్నల్ తనంతట తనే దాని నుంచి సమయం తీసుకుంటుంది. ఏ ఆర్‌టీసీ నుంచి అన్నది ఆర్‌టీసీ హెచ్‌సీటూసిస్ డివైస్ ఆప్షన్‌లో సరిగ్గా రాయాలి. వాచ్‌డాగ్ (బోర్డు బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్) డ్రైవర్ మాత్రం ఎంత కోత కోసినా తీయొద్దు. బూట్‌లోడర్ వాచ్‌డాగ్‌ని మొదలుపెట్టి కెర్నల్‌కి అప్పగించే అమరికలో, అందుకునేవాళ్లు లేకపోతే బోర్డు కాసేపు నడిచి, ఏ ఆనవాలూ వదలకుండా రీసెట్ అవుతుంది.

పిన్నుల విషయంలో బోర్డు ఉదారంగా కనపడుతుంది: పీ8, పీ9 హెడర్లలో చెరి 46. లెక్కలో మాత్రం తక్కువే మిగులుతాయి. పీ8లో 3 నుంచి 6, 20 నుంచి 25 ఈఎంఎంసీ వాడుకుంటుంది. 27 నుంచి 46 వరకు హెచ్‌డీఎంఐవి. తెర అక్కర్లేని పనికి తెర డ్రైవర్లు డీఆర్ఎం టిల్‌సీడీసీ, టీడీఏ998ఎక్స్ తీసేస్తే చాలదు, డివైస్ ట్రీలో ఎల్‌సీడీసీ నోడ్‌ని కూడా డిసేబుల్ చేసి పిన్నుల్ని కొత్త పనికి రాసుకోవాలి. ఇంకో ప్రమాదం హార్డ్‌వేర్‌లోనే ఉంది. పీ8లో 31 నుంచి 46 వరకున్న పిన్నులే కరెంటు వచ్చినప్పుడు బూట్ మోడ్‌ని నిర్ణయిస్తాయి. మీ సర్క్యూట్ ఆ క్షణంలో వాటిని పైకో కిందకో లాగితే బోర్డు అసలు లేవదు. కెర్నల్‌ని ఎన్నిసార్లు కట్టినా అది తేలదు. అనలాగ్ ఇన్‌పుట్‌లకి హద్దు 1.8 వోల్టులు, 3.3 కాదు.

పాత 3.8 కెర్నల్‌తో వచ్చిన కేప్ మేనేజర్ (పైన తగిలించే అదనపు బోర్డుల్ని చూసుకునేది) గురించి రాసిన పాఠాలని పక్కన పెట్టేయండి. ఓవర్‌లేలు (డివైస్ ట్రీకి జోడించే ముక్కలు) ఇప్పుడు యూబూట్ దశలోనే అతుకుతాయి. దానికి మూల డీటీబీని సింబల్స్‌తో కంపైల్ చేయాలి, లేకపోతే ఓవర్‌లే తనకి కావాల్సిన నోడ్ పేరు దొరక్క విఫలమవుతుంది. జీపీఐఓ నంబర్లతో రాసిన పాత స్క్రిప్టులకీ ఇదే గతి. పీ9 హెడర్‌లో 12వ పిన్ అంటే 60 అని రాసుకున్న స్క్రిప్టుకి, కొత్త కెర్నల్‌లో ఆ అంకె అదే ఉంటుందన్న హామీ లేదు. క్యారెక్టర్ డివైస్, లిబ్‌జీపీఐఓడీ దారికి మారాలి.

కచ్చితమైన టైమింగ్ కావాలనుకునేవాళ్లు ప్రీఎంప్ట్ ఆర్‌టీ (కెర్నల్ స్పందన ఆలస్యానికి హద్దు పెట్టే ఆప్షన్) వైపు చూస్తారు. 6.12లో అది మెయిన్‌లైన్‌లో ఆన్ చేసే స్థితికి వచ్చింది, అయితే ఆ విడుదలలో 32 బిట్ ఆర్మ్‌కి లేదు. ఈ చిప్‌లో దానికి అందమైన ప్రత్యామ్నాయం ఉంది: పీఆర్‌యూ అనే రెండు చిన్న కోర్లు, 200 మెగాహెర్ట్జ్ మీద, ఒక్కో సూచనకి 5 నానోసెకన్లు. టీఐ పీఆర్‌యూఎస్ఎస్, దాని ఇంటరప్ట్ కంట్రోలర్, పీఆర్‌యూ రిమోట్‌ప్రాక్ ఆన్ చేస్తే లినక్స్ నుంచే వాటికి ప్రోగ్రామ్ ఎక్కించవచ్చు. లినక్స్ ఎంత బిజీగా ఉన్నా అవి పట్టించుకోవు. ఈ బోర్డు ఇప్పటికీ ఎంచుకోదగ్గదిగా నిలబడటానికి నా లెక్కలో సగం కారణం ఇదే.

ఇక కరెంటు. మినీ యూఎస్‌బీ నుంచి నడిపితే 500 మిల్లీఆంపుల హద్దు. వైఫై డాంగిల్ తగిలించాక వచ్చే అర్థం కాని రీసెట్లకి కెర్నల్‌ని తిట్టే ముందు 5 వోల్టుల, 2 ఆంపుల అడాప్టర్‌ని బ్యారెల్ జాక్‌కి పెట్టి చూడండి. 2014లో వచ్చిన రెవ్ సీ నుంచి ఈఎంఎంసీ 4 జీబీ, అంతకు ముందు 2 జీబీ. ఉపయోగించినవి కొంటుంటే ఈ తేడా చూసుకోండి.

కాన్ఫిగ్‌ని దాచుకునే పద్ధతి గురించి ఒక మాట. వేల వరసల డాట్‌కాన్ఫిగ్ ఫైల్‌ని గిట్‌లో పెట్టొద్దు. సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడిపితే డిఫాల్ట్‌కి భిన్నంగా ఉన్నవి మాత్రమే మిగిలే చిన్న ఫైల్ వస్తుంది. దానికంటే మేలైన దారి: ఓమాప్2ప్లస్‌ని అలాగే ఉంచి, మీ మార్పుల్ని చిన్న ఫ్రాగ్మెంట్ ఫైళ్లుగా రాసి, కెర్నల్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని మెర్జ్ కాన్ఫిగ్‌తో కలపడం. మీరడిగిన విలువ చివరి ఫైల్‌లోకి రాకపోతే ఆ స్క్రిప్ట్ నోరు విప్పి చెబుతుంది, ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ చెప్పదు. వెర్షన్ మార్చేటప్పుడు కొత్త ప్రశ్నలన్నిటికీ డిఫాల్ట్ జవాబులు ఇచ్చేసే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్‌కి బదులు ఒక్కసారి ఓపికగా ఓల్డ్‌కాన్ఫిగ్ నడపండి. తర్వాత డిఫ్‌కాన్ఫిగ్ స్క్రిప్ట్‌తో పాత, కొత్త ఫైళ్లు పోల్చి, మైనస్ గుర్తుతో మాయమైన పేర్లు ఒక్కొక్కటీ చూడండి. ఎంఎంసీ, ఈథర్‌నెట్ డ్రైవర్ల మార్పులాంటివి దొరికేది అక్కడే.

ఐకేకాన్ఫిగ్, దాని ప్రాక్ ఆప్షన్ ఆన్ చేసి ఉంచండి. ఆరు నెలల తర్వాత నడుస్తున్న బోర్డు దగ్గరికి వెళ్లి ప్రాక్‌లోని కాన్ఫిగ్ ఫైల్ తీస్తే, అందులో ఉన్న కెర్నల్ దేనితో కట్టిందో అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. లోకల్‌వెర్షన్ ఆటో ఆన్‌లో ఉంటే గిట్ కమిట్ మారినప్పుడల్లా కెర్నల్ వెర్షన్ పేరు కూడా మారుతుంది, మాడ్యూల్స్ ఫోల్డర్ పేరు దానితో సరిపోవాలి. జీఇమేజ్ ఒక్కటే కార్డులోకి కాపీ చేసి మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ మరిచినప్పుడు, మాడ్యూల్‌గా పెట్టిన యూఎస్‌బీ, వైఫై ఒకేసారి మాయమయ్యేది అందుకే.